రైస్‌ని ఎక్కడ ఆడించాలి? సుబిమెండి వచ్చాక ఆర్సెనల్ మిడ్‌ఫీల్డ్ లెక్క

పెన్నా_గట్టు (నెల్లూరు)

స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ సుబిమెండి సంతకం అయిపోయింది. మన పాత మిడ్‌ఫీల్డర్లలో పార్టే కాంట్రాక్టు 2025 జూన్‌తో ముగిసింది, జోర్జిన్యో ఫ్లమెంగోకి పోయినాడు. రెండేళ్ళుగా మనం నానబెట్టుకుంటా వస్తుండే మాట ఇప్పుడన్నా తేల్చుకోవాల. డెక్లన్ రైస్ సిక్సా (డిఫెన్స్ ముందు నిలబడి కాసే మిడ్‌ఫీల్డర్), ఎడమ ఎయిటా (ఎడమ పక్క నుంచి పైకి పోయి దాడిలో కలిసే మిడ్‌ఫీల్డర్)?

ఒకే షరతు. "బాగా ఆడినాడు", "కనపడలా" అని వదిలేయబాకండి. ఏ మ్యాచ్, ఏ నిమిషం, అప్పుడు పక్కన ఎవరుండారు, అది చెప్పి మాట్లాడండి. మిడ్‌ఫీల్డర్‌కి మార్కులేసేటప్పుడు పక్కనోడి పేరు చెప్పకపోతే ఆ మార్కులకి అర్థమే లేదు.

నా మాట ముందే చెప్తున్నా: ఎయిట్. అయితే గోల్స్ కొడతాడని కాదు, కారణం వేరే ఉంది. కిందకి వచ్చేకొద్దీ చెప్తా.

ఒంగోలు_గిత్త (ఒంగోలు)

నేను సిక్స్ వైపు. 10 కోట్ల పౌండ్లు, పైన ఇంకో 50 లక్షల బోనస్‌లు పెట్టి వెస్ట్‌హామ్ నుంచి తెచ్చింది దేనికి? డిఫెన్స్ ముందు అంత వెడల్పు నేలని ఒక్కడే కాచుకోగలడనే కదా.

2023 అక్టోబర్ 8, మాంచెస్టర్ సిటీ మీద 1-0. గ్వార్డియోల్ కొట్టిన బంతిని మొదటి ఐదు నిమిషాల్లోనే గోల్ గీత మీద నుంచి తీసేసింది రైస్. ఆ రోజు మార్టినెల్లి 86వ నిమిషం గోల్ అందరికీ గుర్తుంది, ఇది ఎవరూ చెప్పరు. ఆ సీజన్ మొత్తం 38 మ్యాచ్‌ల్లో మనం తిన్నవి 29 గోల్స్. మన సెంటర్ బ్యాక్‌లు సలీబా, గాబ్రియేల్ ఇద్దరూ అంత ముందుకొచ్చి నిలబడగలిగారంటే వాళ్ళ ముందు ఎదురుదాడిని ఆపేవాడు ఒకడున్నాడనే ధైర్యం. ఎయిట్‌కి పంపితే ఆ ధైర్యం ఎవరిస్తారు?

గూడూరు_నిమ్మ (గూడూరు)

గిత్తన్నా, ఆ 38 మ్యాచ్‌ల్లో సగం కథే చెప్పినావు. 2023-24లో రైస్ లీగ్‌లో 38 మ్యాచ్‌లూ ఆడినాడు, 7 గోల్స్, 8 అసిస్టులు (గోల్‌కి ముందు ఇచ్చిన చివరి పాసులు). గోల్స్ తేదీలు చూడు.

సెప్టెంబర్ 3 మాంచెస్టర్ యునైటెడ్, అక్టోబర్ 21 చెల్సీ, డిసెంబర్ 5 లూటన్. తర్వాత ఫిబ్రవరి 11 వెస్ట్‌హామ్, మార్చి 4 షెఫీల్డ్, మార్చి 9 బ్రెంట్‌ఫర్డ్, మే 4 బోర్న్‌మత్.

ఫిబ్రవరి 4న లివర్‌పూల్ మీద 3-1 గెలిచిన మ్యాచ్‌లో జోర్జిన్యోని సిక్స్‌లో పెట్టి రైస్‌ని ఎడమ ఎయిట్‌కి జరిపినారు. ఏడిట్లో నాలుగు దాని తర్వాతే వచ్చినాయి. మొదటి మూడూ ఎట్టా వచ్చినాయో చూడు: యునైటెడ్ మీద 96వ నిమిషంలో సాకా కార్నర్ నుంచి, చెల్సీ మీద గోల్‌కీపర్ తప్పు పాస్ ఇస్తే దూరం నుంచి కొట్టింది, లూటన్ మీద 97వ నిమిషంలో అందరూ ముందుకు పోయినప్పుడు హెడర్. ఆట మామూలుగా నడిచేటప్పుడు బాక్సులోకి చేరి కొట్టినవి కావు. బ్రెంట్‌ఫర్డ్ గోల్ చూడు, వైట్ క్రాస్‌కి బాక్సులోకి వచ్చి తలతో వేసినాడు. సిక్స్ ఆ టైంకి ఆడ ఉండడు.

అసిస్టుల సంగతిలో మాత్రం జాగ్రత్త. వెస్ట్‌హామ్ 6-0లో రెండు అసిస్టులూ నిలిచిన బంతి నుంచే, కార్నర్ మీద సలీబా, ఫ్రీకిక్ మీద గాబ్రియేల్. అవి ఎయిట్ గొప్పతనం కింద రాయకూడదు. సిక్స్‌లో ఉన్నా కార్నర్ తనేగా తీసేది.

మైపాడు_అల (నెల్లూరు)

అన్నా ఒక డౌట్. టీవీలో చూస్తే రైస్, పార్టే ఇద్దరూ పక్కపక్కనే నిలబడుంటారు చాలాసేపు. మరి ఒకరు సిక్స్, ఇంకొకరు ఎయిట్ అని ఎట్టా చెప్తున్నారు?

చీమకుర్తి_రాయి (ప్రకాశం)

మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. సగం గొడవ ఇక్కడే ఉంది.

బంతి అవతలోళ్ళ దగ్గర ఉన్నప్పుడు మన టీం 4-4-2, అంటే వెనక నలుగురు, మధ్యలో నలుగురు, పైన ఇద్దరు. ఓడెగార్డ్ పైకి పోయి స్ట్రైకర్ పక్కన నిలబడతాడు, ఇద్దరూ కలిసి అవతలి సెంటర్ బ్యాక్‌లని ఒక పక్కకి తోలుతారు. అప్పుడు వెనకాల మధ్యలో మిగిలేది ఇద్దరే, సిక్స్, ఎడమ ఎయిట్. అందుకే నీకు రైస్, పార్టే పక్కపక్కన కనపడతారు. ఆ దశలో రైస్ డబుల్ పివట్‌లో, అంటే డిఫెన్స్ ముందు కాసే జంటలో, ఒక సగం. గిత్తన్న చెప్తున్న ఎదురుదాడులు ఆపే పని అక్కడ ఎక్కడికీ పోలేదు.

బంతి మనకి రాగానే ఆకారం మారుతుంది. లెఫ్ట్ బ్యాక్ (ముందు జించెంకో, 2024-25లో లూయిస్-స్కెల్లీ) లోపలికి వచ్చి సిక్స్ పక్కన నిలబడతాడు. వెనక ముగ్గురు, వాళ్ళ ముందు ఇద్దరు, పైన ఐదుగురు. ఆ ఐదుగురిలో ఎడమ లోపలి వరస రైస్‌ది. అవతలి రైట్ బ్యాక్‌కీ కుడి సెంటర్ బ్యాక్‌కీ మధ్య ఉండే సందు.

అంటే సిక్స్, ఎయిట్ తేడా అంతా బంతి మన దగ్గర ఉన్నప్పుడే. ఇంకో చోట కూడా కనపడుతుంది, బంతి పోగొట్టుకున్న ఆ ఐదారు సెకన్లలో. సిక్స్ అయితే వెనక నుంచి ముందుకు ఉరికి ఆపాలి. ఎయిట్ అయితే పై నుంచి వెనక్కి ఉరకాలి, లేదా పోగొట్టుకున్న చోటే మీద పడి తిరిగి లాక్కోవాలి. 2025 మార్చి 9, ఓల్డ్ ట్రాఫర్డ్, 1-1: 74వ నిమిషంలో సమం చేసిన గోల్ రైస్‌దే. చివర్లో యునైటెడ్ స్ట్రైకర్ హోయ్‌లుండ్ మన గోల్ ముందుకి వచ్చినప్పుడు వెనక్కి పరిగెత్తి కాలు పెట్టిందీ రైసే. పెనాల్టీ బాక్స్ అంచున గోల్ కొట్టినోడు సొంత బాక్స్‌లో టాకిల్ చేశాడు. ఆ పొడవాటి అంగలు ఉన్నాయి కాబట్టే ఎయిట్‌లో పెట్టినా సిక్స్ పని సగం చేసి పెడుతున్నాడు.

ఒంగోలు_గిత్త (ఒంగోలు)

రాయన్నా, ఆకారం ఒప్పుకుంటా. కాడికి రెండు ఎద్దులు కడితే ఒకటి ముందుకు లాగినప్పుడు రెండోది నేల పట్టుకోవాలి. నా భయం ఆ రెండోదాని గురించే. పార్టే ఉన్న రోజు బాగానే ఉంటుంది, లేని రోజు?

పెన్నా_గట్టు (నెల్లూరు)

ఆ రెండోది ఇప్పుడు సుబిమెండి. దానికి ముందు, రైస్‌ని సిక్స్‌లో పెడితే యాడ ఇబ్బంది వస్తుందో చెప్తా. మొదట్లో వేరే కారణం ఉందన్నా కదా, ఇదే అది.

సిక్స్‌కి బంతి ఎక్కువగా ఎట్టా వస్తుంది? సెంటర్ బ్యాక్ నుంచి, వీపు అవతలి గోల్ వైపుండగా, వెనకమాల ఒకడు దూసుకొస్తా ఉండగా వస్తుంది. అక్కడ కావాల్సింది మూడు. బంతి రాకముందే రెండు భుజాల మీదుగా చూసుకోవడం. ఒళ్ళు అడ్డంగా తిప్పి వెనక కాలితో, అంటే బంతికి దూరంగా ఉండే కాలితో తీసుకోవడం. ఆ తొలి టచ్‌తోనే వచ్చేవాడిని దాటేయడం. జోర్జిన్యో వేగం లేకపోయినా ఈ మూడింటితోనే బతికినాడు. రైస్‌కి మూడోది బలం, తీసుకుని పరిగెత్తితే ఆపడం కష్టం. రెండోదే తేడా కొడుతుంది. ఒత్తిడి ఉంటే ముందు కాలితో ఆపి, వచ్చిన దారినే సలీబాకి తిరిగి ఇచ్చేస్తాడు. పాస్ పోలేదు కాబట్టి శాతం లెక్కలో అది మంచి పాసే. కానీ అవతలి ప్రెస్, అంటే బంతి కోసం మీదకొచ్చే గుంపు, ఒక ఐదు గజాలు ముందుకి జరిగింది. అట్టాంటివి వరసగా మూడు వస్తే మన గోల్‌కీపర్ రాయా చేత లాంగ్ బాల్ కొట్టించాల్సిందే.

ఎడమ ఎయిట్‌లో బంతి వచ్చేటప్పుడు పక్క నుంచో ముందు నుంచో వస్తుంది, మైదానం కళ్ళ ముందు ఉంటుంది. పరుగుకి చోటుంటుంది.

అక్కడ కూడా ఒక లోటు ఉంది, దాచిపెట్టాల్సిన పని లేదు. కుడికాలోడు ఎడమ సందులో నిలబడితే ఒళ్ళు కుడివైపుకి తెరుచుకుంటుంది. సాకా వైపుకి అడ్డంగా పొడవాటి బంతి హాయిగా పోతుంది. ఎడమ వింగర్‌ని లోపలికి వదలాలంటే మాత్రం ఎడమకాలితో టక్కున ఇవ్వాలి, లేదా ఇంకో టచ్ తీసుకోవాలి. ఆ ఇంకో టచ్‌లో మార్టినెల్లి ఆఫ్‌సైడ్ అయిపోతాడు. మార్టినెల్లి ఆగి ఆగి పరిగెత్తుతున్నాడని తిట్టే ముందు ఈ టచ్ లెక్కపెట్టండి.

మైపాడు_అల (నెల్లూరు)

ఈ టచ్ సంగతి ఎవరూ చెప్పలా ఇంతవరకు. రిప్లేలు మళ్ళీ చూస్తా.

ఒంగోలు_గిత్త (ఒంగోలు)

సిక్స్‌లో తేలిపోతాడు అన్నట్టు మాట్లాడుతున్నారు. యూరో 2024 ఫైనల్ మర్చిపోయారా? సగం ఆటకి స్పెయిన్ సిక్స్ రోడ్రి బయటికి పోయాడు, వచ్చింది ఈ సుబిమెండే. ఇంగ్లండ్ తరఫున రైస్ ఉన్నాడు.

చీమకుర్తి_రాయి (ప్రకాశం)

ఆ ఫైనల్ నీ వాదనకే ఎదురు తిరుగుతుంది గిత్తా. రోడ్రి పోయినా స్పెయిన్ ఆట చెదరలేదు. సుబిమెండి వచ్చిన కాసేపటికే 47వ నిమిషంలో నికో విలియమ్స్ గోల్, చివరికి 2-1. సుబిమెండి గోల్ కొట్టలేదు, అసిస్ట్ ఇవ్వలేదు. బంతి రాకముందే ఎటు ఇవ్వాలో చూసుకుని పెట్టుకున్నాడు, అంతే. సిక్స్ అంటే అదే పని.

ఇంక రైస్ సిక్స్‌గా ఆడిన పెద్ద పరీక్ష 2025 ఏప్రిల్ 29, పారిస్ టీం పీఎస్‌జీ మీద చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ మొదటి లెగ్ (రెండు మ్యాచ్‌ల్లో మొదటిది), మన సొంత మైదానంలో. పార్టేకి సస్పెన్షన్. రైస్ సిక్స్, ఎడమ ఎయిట్‌లో మెరీనో, పైన ట్రొసార్డ్. నాలుగో నిమిషంలోనే గోల్ తిన్నాం, 0-1. ఆ గోల్ ఎట్టా పడిందో నెమ్మదిగా చూడండి. పీఎస్‌జీ డెంబెలే స్ట్రైకర్ చోటు వదిలేసి మధ్యలోకి దిగాడు. సెంటర్ బ్యాక్ వెంట వస్తే వెనక ఖాళీ, రాకపోతే మధ్యలో వాళ్ళకి ఒకడు ఎక్కువ. అక్కడ బంతి తీసుకుని ఎడమకి క్వరత్స్‌ఖేలియాకి పంపి, తిరిగి వచ్చిన బంతిని బాక్స్ అంచు నుంచి కొట్టాడు.

ఆ సమయంలో సిక్స్ ముందు రెండు పనులు: దిగినవాడిని పట్టుకోవాలా, బాక్స్ ముందు చోటు కాయాలా. తప్పంతా రైస్ మీద వేయను. వాళ్ళ మిడ్‌ఫీల్డర్లు విటిన్యా, నెవెస్, ఫాబియాన్ ముగ్గురూ మధ్యలో తిరుగుతుంటే డెంబెలే నాలుగోవాడు. లెక్కే తక్కువైంది. కానీ బంతి మన దగ్గర ఉన్నప్పుడు ఆ రోజు మధ్యలో నుంచి ముందుకి పోయిన పాసులు ఎన్ని? ఎక్కువగా పక్కల నుంచే పోయాం.

మే 7న రెండో లెగ్‌లో పార్టే తిరిగొచ్చాడు, రైస్ ఎయిట్‌కి పోయాడు. మొదటి ఇరవై నిమిషాలు పారిస్‌లో వాళ్ళని ఊపిరాడనివ్వలేదు. వాళ్ళ గోల్‌కీపర్ డొన్నరుమ్మా ఆపకపోతే ఆట వేరే దారిన పోయేది. మొదట్లోనే రైస్‌కి బాక్స్‌లో తలకి అందిన బంతి పక్కకి పోయింది. 2-1 ఓడాం, నిజమే. అయినా ఏ లెగ్‌లో మిడ్‌ఫీల్డ్ మన చేతిలో ఉందో రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

కావలి_కార్నర్ (కావలి)

సిక్స్, ఎయిట్ అని కొట్టుకుంటా నిలిచిన బంతిని (కార్నర్, ఫ్రీకిక్) పక్కన పెట్టేసినారు. రైస్ విలువలో పెద్ద భాగం ఆడే ఉండాది.

ఎడమ కార్నర్ రైస్ కుడికాలితో, కుడి కార్నర్ సాకా ఎడమకాలితో. రెండూ గోల్ వైపుకి తిరిగే బంతులే. సెట్‌పీస్ కోచ్ నికొలా జోవెర్ పెట్టిన పద్ధతి ఇది. మనోళ్ళు గుంపుగా దూరపు పోస్టు పక్కన నిలబడతారు. తన్నేముందు ఒక్కసారి విడిపోయి గోల్‌కీపర్ ముందుకి, దగ్గరి పోస్టుకి పరిగెత్తుతారు. కార్నర్ నుంచి నేరుగా వచ్చే బంతికి ఆఫ్‌సైడ్ లేదు, కాబట్టి గోల్‌కీపర్ ముక్కు ముందు నిలబడినా తప్పు కాదు, తోయకుండా ఉంటే చాలు. 2024 డిసెంబర్ 4, యునైటెడ్ మీద టింబర్ కొట్టిన హెడర్ చూడండి. రైస్ కార్నర్, దగ్గరి పోస్టు. బంతి ఎత్తు ఎట్టా ఉందో గమనించండి. మొదటి డిఫెండర్ తల మీదగా పోవాల, గోల్‌కీపర్ బయటికి రాలేనంత వేగంగా పోవాల. ఆ రెండింటి మధ్య సందు చాలా చిన్నది.

ఇంక 2025 ఏప్రిల్ 8, రియల్ మాడ్రిడ్. మనకి అర్ధరాత్రి 12:30కి మొదలైన మ్యాచ్. అప్పటిదాకా రైస్ నేరుగా ఫ్రీకిక్ నుంచి ఒక్క గోల్ కొట్టలా. 58వ నిమిషంలో ఒకటి, 70వ నిమిషంలో ఇంకొకటి. చాంపియన్స్ లీగ్ నాకౌట్ మ్యాచ్‌లో రెండు ఫ్రీకిక్ గోల్స్ కొట్టిన మొదటి ఆటగాడు. మొదటిది వాల్ (బంతికి అడ్డంగా వరసగా నిలబడే ఆటగాళ్ళు) పక్క నుంచి వంగి పోయింది. అది క్రాస్ వేయాల్సిన దూరం, వాళ్ళ గోల్‌కీపర్ కూర్త్వా కూడా క్రాస్‌కే కాచుకోనుండాడు, వాల్‌లో జనం తక్కువ. ఆ ఖాళీ చూసి కొట్టినాడు. రెండోది పై మూల. ఆడ కూర్త్వా ఎంత సాగినా అందదు.

ఈ రెండు గోల్స్‌కీ సిక్స్, ఎయిట్‌కీ సంబంధం లేదు. రైస్‌కి మార్కులు వేసేటప్పుడు నిలిచిన బంతికి వేరే గడి పెట్టండి.

కనిగిరి_కోట (కనిగిరి)

కార్నరన్నా, ఈ లోపలికి తిరిగే బంతి మన గ్రౌండ్‌ల మీద నేర్పాలంటే ఎట్టా? పిల్లోళ్ళు రైస్‌ని చూసి కొడుతున్నారు, సగం బంతులు మొదటి డిఫెండర్ మోకాలికి తగులుతున్నాయి, మిగతా సగం గోల్ వెనక్కి పోతున్నాయి.

కావలి_కార్నర్ (కావలి)

కోటన్నా, రెండు తప్పులకీ కారణాలు వేరు.

మోకాలికి తగిలేవి: ఆనించే కాలు బంతికి మరీ దూరంగా పడుతుంది, లేదంటే తన్నే కాలు బంతికి సరిగ్గా మధ్యలో తగులుతుంది. ఎడమ పాదం బంతి పక్కన జానెడు దూరంలో పడాల, బంతికి కొంచెం వెనక. కుడికాలు తగలాల్సింది బొటనవేలి మొదట ఉండే గట్టి ఎముక దగ్గర. బంతి మీద ఎక్కడంటే, తన్నేవాడి కంటికి కుడివైపు సగం, మధ్యకి కొంచెం దిగువ. అప్పుడు బంతి పైకి లేస్తా ఎడమకి తిరుగుతుంది. పరుగు నాలుగైదు అడుగులు చాలు, వాలుగా రావాల.

గోల్ వెనక్కి పోయేవి: తన్నే క్షణాన వీపు వెనక్కి వాలుతుంది, లేదా కాలు బంతికి అడ్డంగా మరీ ఎక్కువ తిరుగుతుంది. ఛాతీ బంతి మీదకి ఉంచమనండి. కాలు తిరగడం ఆగదు కాబట్టి గురి మార్చండి. గోల్ మీదకి కాదు, ఆరు గజాల బాక్స్ ముందు గీత మీదకి గురి పెడితే తిరిగి తిరిగి గోల్ ముందు పడుతుంది. ఆ గీత గోల్ నుంచి 5.5 మీటర్లు. సున్నంతో గీసి, దగ్గరి పోస్టు ఎదురుగా గీత మీద ఒక కోన్, గోల్ మధ్యకి ఎదురుగా ఇంకో కోన్ పెట్టండి. ఆ రెండింటి మధ్య గాల్లో దాటిన బంతే లెక్క. పదికి నాలుగు దాటేదాకా హెడర్ కొట్టేవాళ్ళని దించబాకండి, ఊరికే నిలబడి విసుగు పుట్టి తల పెట్టడమే మానేస్తారు.

ఇంక గాలి. మన తీరంలో మధ్యాహ్నం దాటితే సముద్రం మీద నుంచి తూర్పు గాలి. గోల్స్ ఉత్తరం, దక్షిణం ఉన్న గ్రౌండ్‌లో ఉత్తరం గోల్ మీద దాడి చేస్తా ఉంటే ఎడమ కార్నర్ పడమటి మూల. ఆడ నుంచి బంతి తూర్పుకి, అంటే గాలికి ఎదురు పోతుంది. దగ్గరి పోస్టుకి రాకముందే కుంగిపోతుంది. గురి ఒక రెండు మీటర్లు దూరం పెట్టి, ఎత్తు తగ్గించి గట్టిగా కొట్టాల. సగం ఆట తర్వాత వైపులు మారితే అదే ఎడమ కార్నర్ తూర్పు మూల అవుతుంది, గాలి వెనకమాల ఉంటుంది, దూరపు పోస్టు దాటి పోతుంది. అప్పుడు బలం తగ్గించాల. మీ కనిగిరి పక్క సముద్రపు గాలి అంత రాదు, ఎండాకాలం పడమటి గాలి కొడుతుంది. లెక్క తిరగేసుకోండి.

బంతి కూడా చూడండి. అయిదో సైజు బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు గట్టిగా గాలి కొట్టి ఎండలో పెడితే మధ్యాహ్నానికి రాయి అయిపోతుంది. తిరగదు, కాలు నొప్పి. నీడలో పెట్టి, బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోయేట్టుగా ఉంచండి. పైపొర ఊడిపోయిన బంతితో ఈ సాధన దండగ, ఎటు తిరుగుతుందో దానికే తెలీదు. గడ్డి లేని గరప నేల మీద ఎడమకాలు జారుతుంది, పొడవాటి స్టడ్స్ బదులు పొట్టి గుబ్బల టర్ఫ్ బూట్లు వేయించండి.

కనిగిరి_కోట (కనిగిరి)

గురి గీత మీద పెట్టాలన్నది అందలేదు ఇన్నాళ్ళూ. మేం పోస్టునే చూపిస్తున్నాం. కోన్లు రేపే పెడతాం అన్నా.

పెన్నా_గట్టు (నెల్లూరు)

కార్నరన్న పోస్టు దాచిపెట్టుకోవాల్సిందే.

మళ్ళీ రైస్ దగ్గరికి వద్దాం. ఒక చెడ్డ సంగతి కూడా రాయాల. 2024 ఆగస్టు 31, బ్రైటన్. మనం 1-0 ముందుండాం, 49వ నిమిషంలో రెండో పసుపు కార్డు. ఆట ఆగిన బంతిని కాలితో పక్కకి నెట్టినందుకు. పది మందితో 1-1. ఆ కార్డు కఠినం అని ఇప్పటికీ అంటా, కానీ నష్టం అక్కడితో ఆగలా. తర్వాతి మ్యాచ్ టాటెన్‌హామ్ మైదానంలో, రైస్‌కి సస్పెన్షన్, ఓడెగార్డ్‌కి చీలమండ గాయం. జోర్జిన్యో, పార్టేలతో నెట్టుకొచ్చినారు, సాకా కార్నర్ మీద గాబ్రియేల్ హెడర్‌తో 1-0 బయటపడినాం. ఒక పసుపు కార్డు మీద ఉన్న మిడ్‌ఫీల్డర్ ఆగిన బంతి జోలికే పోకూడదు.

గూడూరు_నిమ్మ (గూడూరు)

అంకెల గురించి ఒకటి రాయాలి, యాప్‌ల్లో రేటింగ్ చూసి గొడవ పడేవాళ్ళు ఎక్కువైపోయినారు.

పాస్ శాతం 90 దాటిందంటే మంచి ఆట అని కాదు. పెన్నా అన్న చెప్పిన ఆ వెనక్కి ఇచ్చే పాసులన్నీ అందులో ఉంటాయి. టాకిళ్ళు ఎక్కువ ఉన్నా అంతే. చోటు ముందే కాసుకున్నోడికి టాకిల్ చేసే అవసరమే రాదు. పీఎస్‌జీ మ్యాచ్‌లాంటి రోజు మధ్యలో మనోళ్ళు తక్కువైతే టాకిళ్ళు పెరుగుతాయి, అది కష్టానికి గుర్తు. హీట్‌మ్యాప్ ఇంకా మోసం. ఎడమ కార్నర్ జెండా దగ్గర ఎర్రగా కనపడితే రైస్ వింగర్‌లా ఆడినాడు అనుకుంటారు, కార్నర్లు తీసినాడు అంతే.

నేను వాడే కాగితం ఇది. రైస్‌కి బంతి వచ్చిన ప్రతిసారీ ఒక గీత. ఎక్కడ: మన సగం, వాళ్ళ సగం. ఎట్టా: ముఖం ముందుకా, వీపు ముందుకా. రాకముందు తల తిప్పినాడా లేదా. తొలి టచ్ ఎటు. తర్వాత ముందుకా, పక్కకా, వెనక్కా. పోగొడితే ఎక్కడ పోయింది, ఐదు సెకన్లలో ఏం చేసినాడు. కార్నర్, ఫ్రీకిక్ వేరే పేజీ. తొంభై నిమిషాలూ ఇట్టా రాస్తే కళ్ళు పోతాయి. 15 నుంచి 30, 60 నుంచి 75, ఈ రెండు ముక్కలు చాలు. మొదటి పావుగంట అందరూ ఉరుకుతారు, అందులో తేడా తెలీదు. 60 తర్వాత కాళ్ళు అలిసినప్పుడు వెనక్కి పరిగెత్తుతున్నాడా లేదా అన్నది ఎయిట్‌కి అసలు పరీక్ష.

ఒక చిక్కు ఉంది. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది, తల తిప్పడం సగం సార్లు కనపడదు. గోల్ కిక్, త్రో-ఇన్ అప్పుడు కెమెరా వెడల్పుగా ఉంటుంది, అప్పుడు పట్టుకోండి. కనపడనిదాన్ని "లేదు" అని రాయబాకండి, ఖాళీ వదిలేయండి.

చీమకుర్తి_రాయి (ప్రకాశం)

నిమ్మ చెప్పిన ముఖం ముందుకా, వీపు ముందుకా అన్న గడి ఒక్కటే చాలు మన గొడవ తేలడానికి. 2024-25 సీజన్ లీగ్‌లో రైస్ గోల్స్ నాలుగు: పాలస్, యునైటెడ్, బోర్న్‌మత్, న్యూకాజిల్. బోర్న్‌మత్ గోల్ చూడండి. ఓడెగార్డ్ పాస్‌కి డిఫెండర్ల లైన్ దాటి పరిగెత్తి, గోల్‌కీపర్‌ని చుట్టి వేశాడు. సిక్స్ ఆ పరుగు తీస్తే వెనక ఎవరూ ఉండరు. మే 18 న్యూకాజిల్ మీద 55వ నిమిషం గోల్ బాక్స్ అంచు నుంచి, ఆ 1-0తోనే చాంపియన్స్ లీగ్ చోటు ఖాయమైంది.

ఒంగోలు_గిత్త (ఒంగోలు)

సరే, మామూలు మ్యాచ్‌లకి ఎయిట్, సుబిమెండి సిక్స్. అది ఒప్పుకుంటా. కానీ రెండు చోట్ల నా మాట నిలబడుతుంది. ఒకటి, 70వ నిమిషం దాటాక ఒక గోల్ ముందుండి కాచుకోవాల్సిన మ్యాచ్. సుబిమెండి పక్కకి రైస్‌ని పూర్తిగా దించేసి, పైన మెరీనోని పెట్టాలి. హావెర్ట్స్ గాయపడ్డాక స్ట్రైకర్‌గా కూడా ఆడినవాడు, గాల్లో బంతికి పనికొస్తాడు. రెండు, సుబిమెండికి విశ్రాంతి ఇచ్చే కప్పు మ్యాచ్‌లు. వారానికి రెండు మ్యాచ్‌లు పడితే ఒకే సిక్స్‌తో మే దాకా పోలేం.

పెన్నా_గట్టు (నెల్లూరు)

గిత్తన్నా, ఆ రెండూ నేనూ ఒప్పుకుంటుండా. మొదటిదానికి ఒకటి కలుపుతా. రైస్ దిగినప్పుడు లెఫ్ట్ బ్యాక్ లోపలికి రావడం ఆపేయాల. ముగ్గురూ మధ్యలోనే ఉంటే ఎడమ పక్క మొత్తం ఖాళీ, క్రాస్‌లు వరసగా పడతాయి.

ఇంకో భయం ఉండాది. సుబిమెండి వచ్చింది స్పెయిన్ లీగ్ నుంచి. ఈడ ఒళ్ళు తగిలే ఆట, రెఫరీ విజిల్ తక్కువ. మొదటి రెండు నెలలు బంతి తీసుకునే చోట ఒకట్రెండుసార్లు దొబ్బించుకుంటాడు. అప్పుడు రైస్‌ని వెనక్కి లాగేయమని మనోళ్ళే అరుస్తారు. ఆ టైంలో మన కోచ్ ఆర్టేటా ఓపిక పట్టాల.

మైపాడు_అల (నెల్లూరు)

2025 ఆగస్టు 17, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో యునైటెడ్ మీద. మనకి రాత్రి 9 గంటలకి. నిమ్మన్న కాగితం ఎవరెవరు రాస్తారు?

గూడూరు_నిమ్మ (గూడూరు)

15 నుంచి 30 నేను రాస్తా. మైపాడు తమ్ముడూ, 60 నుంచి 75 నువ్వు తీసుకో. రాయన్నా, సుబిమెండికి అవే గడులు మీరు పెట్టండి, ఇద్దరివీ పక్కపక్కన పెడితేనే ఉపయోగం. కార్నరన్న ఎట్టాగూ కార్నర్లు వదలడు. గిత్తన్నా, నీకు బంతి పోయిన తర్వాత ఐదు సెకన్లు. ఎక్కడ పోయింది, రైస్ ఎటు ఉరికినాడు, అంతే రాయి, ఇంకేం వద్దు.

ఒంగోలు_గిత్త (ఒంగోలు)

రాస్తా. రీప్లే వేసేటప్పుడు అసలు ఆట కనపడదు, ఆ ముక్కలు ఖాళీ వదిలేస్తా. మ్యాచ్ అయిపోయిన రాత్రే ఇక్కడే పెడతాను.